జర్మన్ వేట రైఫిళ్ల కాలనిర్ణయం: పరీక్షా ముద్రల సాక్ష్యం

పురాతన జర్మన్ వేట రైఫిళ్లలో అధికభాగంపై తయారీ సంవత్సరం కనిపించదు. గొట్టంపై చెక్కిన పేరు కూడా అనేక సందర్భాలలో నిర్మాతది కాక విక్రేతది. తూరింగియా ప్రాంతంలోని జూల్ పట్టణపు కార్ఖానాలు పేరు లేని తుపాకులను తయారుచేసి ఇతర నగరాల వ్యాపారులకు సరఫరా చేసేవి. అందువల్ల కాలనిర్ణయానికి ప్రధానాధారం గొట్టం అడుగున, చెక్క భాగం కప్పివేసే చోట ఉండే పరీక్షా ముద్రలు. ఇవి తుపాకి పుట్టుకకు కాక, దానిపై జరిగిన చట్టబద్ధమైన పరీక్షకు సాక్ష్యాలు. ఈ భేదాన్ని విస్మరించినప్పుడే కాలనిర్ణయంలో దోషాలు తలెత్తుతాయి.

జర్మన్ సామ్రాజ్యంలో తుపాకుల పరీక్షను నిర్బంధం చేసిన చట్టం 1891 మే 19న వెలువడి, 1893 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. కిరీటం కింద ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క అర్థాన్ని సూచిస్తుంది. ‘బి’ అధిక మోతాదు మందుతో పేల్చి చూసిన పరీక్షకు, ‘యు’ తదనంతర తనిఖీకి, ‘జి’ గొట్టంలోని మెలి చాళ్లకు గుర్తులు. చట్టం అమలయ్యేనాటికే సిద్ధంగా ఉన్న తుపాకులకు ‘వి’ ముద్ర వేశారు. కనుక ‘వి’ ఉన్న తుపాకి నిర్మాణం 1893 ఏప్రిల్‌కు పూర్వమే జరిగిందని నిశ్చయించవచ్చు. పొగలేని మందుతో జరిపిన పరీక్షను తొలుత ‘నైట్రో’ అనే పదంతో సూచించగా, 1911 ప్రాంతం నుంచి కిరీటం కింద ‘ఎన్’ వాడుకలోకి వచ్చింది.

కిరీటాన్ని చూడగానే తుపాకిని రాచరిక కాలానికి చెందినదిగా భావించడం సహజమే కాని, అది ప్రమాదకరమైన ఊహ. 1918లో కైజర్ పదవీచ్యుతుడైనా ముద్రలోని కిరీటం తొలగిపోలేదు. వైమార్ గణతంత్రంలోనూ, నాజీ పాలన తొలి సంవత్సరాలలోనూ అదే కొనసాగింది. 1939 జూన్ 7 నాటి చట్టం 1940 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాకే గద్ద ముద్ర దాని స్థానాన్ని ఆక్రమించింది. ముద్ర మారేది పాలన మారినప్పుడు కాదు, చట్టం మారినప్పుడు.

గొట్టంపై ఉన్న అంకెలు కాలపరిధిని మరింత కుదిస్తాయి. తొలిదశలో గొట్టం లోపలి వ్యాసాన్ని, ఆ వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు ఒక పౌనుకు ఎన్ని తూగుతాయో తెలిపే సంఖ్యతో సూచించారు. ‘172.28’ అనే సంఖ్య 0.300 అంగుళానికి, అంటే 7.62 మి.మీ.కు సమానం. 1910 దశకం ఆరంభంలో మిల్లీమీటర్లు ఈ పద్ధతి స్థానాన్ని పొందాయి. ఆ తరువాతి అనేక తుపాకులపై ‘3 27’ వంటి అంకెలు 1927 మార్చిలో జరిగిన పరీక్షను తెలుపుతాయి. స్థలనామమూ సాక్ష్యమే. ట్సెల్లా, మేలిస్ పట్టణాలు 1919లో ఏకమయ్యాయి గనుక, ‘ట్సెల్లా-మేలిస్’ అన్న జంట పేరు చెక్కిన తుపాకి అంతకు పూర్వపుది కాజాలదు.

అయితే గొట్టం మార్చినా, పెద్ద మరమ్మతు జరిగినా తుపాకిని మళ్లీ పరీక్షించేవారు. అప్పుడు పాత ముద్రల పక్కనే కొత్తవి చేరుతాయి. ‘వి’, ‘ఎన్’ ముద్రలు ఒకే గొట్టంపై కనిపిస్తే అది వైరుధ్యం కాదు, ఆ ఆయుధపు రెండు దశల చరిత్ర. వాటిలో కొత్తదాన్ని మాత్రమే గ్రహిస్తే తుపాకి వయస్సు తగ్గిపోతుంది.

ఈ నిర్ణయం సంగ్రహాలయ పట్టికలకే పరిమితం కాదు. పాత మందుకు మాత్రమే పరీక్షించిన గొట్టంలో పొగలేని మందు తూటాను పేలిస్తే గొట్టం పగిలే ప్రమాదముంది. ‘8 మి.మీ.’గా వ్యవహరించే జర్మన్ గుండ్లలోనే 8.08, 8.20 మి.మీ. వ్యాసాల రెండు రకాలున్నాయి. సన్నని గొట్టంలో లావు గుండు ప్రాణాపాయకరం. లోపలి వ్యాసపు అంకె ఒక్కటే ఈ భేదాన్ని తేల్చదు. చాళ్ల లోతును కొలవక తప్పదు.

కాబట్టి ప్రతి ముద్రనూ పూర్వావధిగానో, ఉత్తరావధిగానో గ్రహించి, అన్నింటినీ సమన్వయించడమే శాస్త్రీయ పద్ధతి. కిరీటపు ‘ఎన్’, మిల్లీమీటర్ల కొలత, ‘ట్సెల్లా-మేలిస్’ నామం కలిసి ఉండి గద్ద ముద్ర లేని గొట్టం 1919–1940 మధ్యకాలానికి చెందుతుంది. నెల, సంవత్సరం అంకెలు కూడా ఉంటే పరీక్షాకాలం నెలతో సహా స్పష్టమవుతుంది. శాసన పరిశోధనలో లిపి, భాష, రాజనామం పరస్పరం సమర్థించుకోవలసినట్లే ఇక్కడా ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా ప్రమాణం కాజాలదు.