కొద్దికొద్దిగా మానాల్సిన మందు

స్టెరాయిడ్ అనే మాట వినగానే మనవాళ్ళకి రెండు బొమ్మలు కళ్ళముందు కొస్తాయి. ఒకటి, కండలు పెంచి ఒలింపిక్స్‌లో దొరికిపోయిన ఆటగాడు. రెండోది, ఏళ్ళతరబడి ఉబ్బసం మాత్రలు మింగి, మొహం గుండ్రంగా ఉబ్బి, ఎముకలు పెళుసుబారిన పక్కింటి పెద్దాయన. నిజానికి ఈ రెండూ వేరువేరు రకాల స్టెరాయిడ్లు. నేను చెప్పబోయేది రెండోదాని గురించి. దాని గురించి మనిళ్ళల్లో వినపడే సలహా ఒకటే: "అలవాటైపోతుంది, వెంటనే మానెయ్!" ఇందులో భయం న్యాయమైనదే. ప్రమాదమంతా ఆ "వెంటనే" అన్న మాటలో ఉంది. అది ఎందుకో తెలుసుకోడానికి వైద్యులకి చాలా ఏళ్ళు పట్టింది.

కథ మొదలైంది ఉబ్బసంతో కాదు, కీళ్ళవాతంతో. అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరుండేవాడు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి పచ్చకామెర్లు వచ్చినా, ఆడవాళ్ళు గర్భవతులైనా, నొప్పులు కొన్నాళ్ళపాటు మాయమవడం ఆయన గమనించాడు. అలాంటప్పుడు ఒంట్లోనే ఏదో పదార్థం పుట్టి ఈ పని చేస్తోందని ఆయన అనుమానం. అదే ఆసుపత్రిలో ఎడ్వర్డ్ కెండాల్ అనే రసాయన శాస్త్రవేత్త, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునుండే అడ్రినల్ గ్రంథుల నుంచి రకరకాల పదార్థాలు విడదీసి వాటికి ఏ, బీ, సీ అంటూ పేర్లు పెడుతున్నాడు. వాటిలో "ఇ" అనేదే తర్వాత కార్టిజోన్ అయింది. మెర్క్ కంపెనీలో లూయిస్ సారెట్ 1944లో దాన్ని ఎద్దు పైత్యరసం నుంచి తయారుచేశాడు, ముప్ఫై ఆరు దశల్లో! 1948 సెప్టెంబరు 21న, కీళ్ళు పట్టేసి మంచం దిగలేని ఇరవై తొమ్మిదేళ్ళ స్త్రీకి దాన్ని మొదటిసారి ఇచ్చారు. వారం తిరక్కముందే ఆవిడ ఊళ్ళో షాపింగు చేసొచ్చింది. 1950లో హెంచ్‌కీ, కెండాల్‌కీ, స్విట్జర్లాండ్‌లో అదే పని చేస్తున్న రైష్‌టైన్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మందు పుట్టిన రెండేళ్ళకే నోబెల్! అంత వేగంగా లోకం తలకెక్కించుకుంది దాన్ని.

ఉబ్బసం డాక్టర్లు ఊరుకుంటారా? 1950 నాటికే కార్టిజోన్‌నీ, అడ్రినల్ గ్రంథుల్ని తట్టిలేపే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌నీ ఉబ్బసానికి వాడి చూశారు. ఊపిరందక నీలంగా మారినవాళ్ళు తేరుకున్నారు. మెక్సికోలో దొరికే ఒక దుంప నుంచి స్టెరాయిడ్లు చేసే పద్ధతి, బూజు చేత రసాయన మార్పులు చేయించే పద్ధతి కూడా రావడంతో ధర పడిపోయింది. 1955లో కార్టిజోన్ కంటే నాలుగైదు రెట్లు శక్తిగల ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసోలోన్ వచ్చాయి. మన మందుల షాపుల్లో ఇప్పటికీ దొరికే చిన్న తెల్ల బిళ్ళ అదే.

ఇంతలో 1952లో ఒక విషాదం అచ్చయింది. కొన్ని నెలలుగా కార్టిజోన్ వాడుతున్న కీళ్ళవాతం రోగికి ఆపరేషన్ చెయ్యాల్సొచ్చి, దానికి ముందు మందు ఆపేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది, కానీ తర్వాత రక్తపోటు పడిపోయి, ఏం చేసినా లేవక, ఆ మనిషి చనిపోయాడు. శవపరీక్షలో చూస్తే అడ్రినల్ గ్రంథులు ఎండి కుంచించుకుపోయి ఉన్నాయి.

ఇది నిజానికి కొత్త విషయం కాదు. ఇదే కెండాల్, డ్వైట్ ఇంగిల్‌తో కలిసి 1937లోనే, బయటి నుంచి ఈ పదార్థం ఎక్కువగా ఇస్తే ఎలకల్లో ఆ గ్రంథులు కృశించిపోతాయని చూపించాడు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఈ ఏర్పాటు చప్పున అర్థమవుతుంది. రక్తంలో కార్టిసాల్ ఎంతుందో మెదడు ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉంటుంది. తక్కువైతే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ పంపుతుంది, అడ్రినల్స్ పని మొదలెడతాయి. చాలినంత ఉంటే కబురు ఆగుతుంది. మనం రోజూ బిళ్ళ మింగుతుంటే "సరుకు నిండుగా ఉంది" అనుకుని మెదడు కబురు పంపడం మానేస్తుంది. కబురు లేని అడ్రినల్స్ నెలల తరబడి ఖాళీగా కూర్చుని చిక్కిపోతాయి. అప్పుడు బిళ్ళ హఠాత్తుగా ఆపితే, బయటి సరుకూ లేదు, లోపలి సరుకూ లేదు. జ్వరమో, ఆపరేషనో, ప్రమాదమో వచ్చి ఒళ్ళు ఎక్కువ కార్టిసాల్ అడిగే వేళకి ఇచ్చేవాడు లేడు. ఇది వ్యసనం కాదు, మనోబలంతో గెలిచేదీ కాదు.

మరి పడుకున్న గ్రంథులు లేవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? 1965లో గ్రేబర్, లిడిల్ మొదలైనవాళ్ళు కొందరు రోగుల్ని నెలల తరబడి గమనించారు. ముందు పిట్యూటరీ మేలుకుని ఏసీటీహెచ్ పంపడం మొదలెడుతుంది. కానీ అడ్రినల్స్ వెంటనే పలకవు. మొత్తం సర్దుకోడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టింది.

నేనిప్పుడు సరిగ్గా ఆ దారిలోనే ఉన్నాను. నాలుగేళ్ళ పాటు రోజూ మింగిన ప్రెడ్నిసోన్ ఇరవై మిల్లీగ్రాముల నుంచి దిగుతూ దిగుతూ ఐదు దగ్గర ఆగింది. మామూలు ఒళ్ళు రోజూ తయారుచేసుకునే కార్టిసాల్ దాదాపు దీనికి సమానం. అందుకే ఇరవై నుంచి పదికి దిగినంత సులువు కాదు ఐదు నుంచి కిందికి దిగడం. ఇప్పుడు అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాము చొప్పున, వారాల తేడాతో తగ్గిస్తున్నాం. మోకాళ్ళు నొప్పి, మధ్యాహ్నానికి నీరసం. ఇది ఉబ్బసం తిరగబెట్టడమా, స్టెరాయిడ్ తగ్గినందుకు ఒళ్ళు చేస్తున్న గొడవా, గ్రంథులు లేవకపోవడమా అన్నది ప్రతిసారీ సందేహమే. పొద్దున్నే రక్తంలో కార్టిసాల్ చూస్తే తప్ప తేలదు. ఫోన్లో మా అమ్మ "ఇంకా ఆ మందేనా నాన్నా?" అన్నప్పుడల్లా ఈ ఏసీటీహెచ్ కథ మళ్ళీ మొదలెడతాను.

అసలు అందరికీ ఈ మాత్రలు అవసరమా అన్న ప్రశ్నా పాతదే. 1956లో బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ చేయించిన ప్రయోగంలో, ప్రాణం మీదికొచ్చిన ఉబ్బసానికి కార్టిజోన్ పనిచేసిందని తేలింది. దీర్ఘకాలపు ఉబ్బసంలో మాత్రం మొదట కనపడ్డ లాభం నెలలు గడిచేకొద్దీ నిలవలేదు. ఇంగ్లండులో డార్బీ అనే ఊళ్ళో పనిచేసే హారీ మారో బ్రౌన్‌కి ఈ ఫలితం మింగుడు పడలేదు. ఆయన రోగుల కఫాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. అందులో ఇయోసినోఫిల్స్ అనే కణాలున్నవాళ్ళకి ప్రెడ్నిసోలోన్ పనిచేస్తోంది, లేనివాళ్ళకి చెయ్యడం లేదు. 1958లో అచ్చయింది ఇది. మనవైపు "ఈస్నోఫీలియా" అని రక్తపరీక్ష కాగితం చేత్తో పట్టుకుని తిరగని ఇల్లుండదు. ఆ కణాలే ఇవి. ఇంత చవకైన పరీక్షని చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మారో బ్రౌనే 1972లో ఇంకో మేలు చేశాడు. బెక్లోమెథాసోన్ అనే స్టెరాయిడ్‌ని మింగకుండా, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పీల్చే స్ప్రేగా అరవై మందికి ఇచ్చి చూశాడు. మాత్రల మీదే బతుకుతున్న 37 మందిలో 28 మంది స్ప్రేకి మారగలిగారు. మోతాదు మైక్రోగ్రాముల్లోకి దిగిపోయింది. ఇవాళ మనం వాడే ఇన్‌హేలర్ల వంశానికి మూలపురుషుడు అదే. కానీ ఇక్కడా పాత పాఠమే ఎదురైంది. స్ప్రే వచ్చింది కదా అని మాత్రలు ఒక్కసారిగా ఆపిన కొందరు అడ్రినల్స్ పలక్క చనిపోయారు. ఆ హెచ్చరిక ఇప్పటికీ ఇన్‌హేలర్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది. ఎవరం చదవం గానీ.

ఇన్‌హేలర్ చాలని తీవ్రమైన ఉబ్బసం వాళ్ళు మిగిలారు. వాళ్ళ కోసం ఇయోసినోఫిల్స్‌ని తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. మెపోలిజుమాబ్ వాడితే మాత్రల మోతాదు సగానికి తగ్గించవచ్చని 2014లో తేలింది. 2015లో అమెరికా దాన్ని ఆమోదించింది. తర్వాత బెన్రాలిజుమాబ్‌తో పొనెంటే అనే ప్రయోగం జరిగింది. 598 మందిలో సుమారు 63 శాతం మాత్రలు పూర్తిగా మానేయగలిగారు. నన్ను ఆపేసింది ఆ సంఖ్య కాదు. మోతాదు ఐదుకి దిగాక కార్టిసాల్ పరీక్ష చేస్తే దాదాపు 60 శాతం మందిలో అడ్రినల్స్ పూర్తిగానో, కొంతో పడుకునే ఉన్నాయి. అంటే ఉబ్బసం అదుపులోకొచ్చినా, మందు ఆపడానికి ఒళ్ళు ఇంకా సిద్ధంగా లేదన్నమాట. రెండు మూడు నెలలాగి మళ్ళీ చూస్తే వాళ్ళలో కొందరి గ్రంథులు లేచాయి. ఆగడం కూడా వైద్యమే.

ఈ ఇంజెక్షన్ల ధర మన ఊళ్ళో సామాన్యుడికి అందేది కాదని నాకు తెలుసు. నాకిక్కడ ఇన్సూరెన్సు ఉంది కాబట్టి దొరికింది. అందుకే మనవైపు చాలామంది మృగశిర కార్తెకి హైదరాబాదులో చేప ప్రసాదం కోసం వరసలో నిలబడతారు. ఆ నమ్మకాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. ఒక్కటే మనవి. కొర్రమీను మింగొచ్చాక ఆ ఉత్సాహంలో డాక్టరిచ్చిన మాత్రలు ఆపెయ్యకండి. పేరూ ఊరూ లేని ఉబ్బసం పొడులతోనూ జాగ్రత్త. అలాంటి కొన్నింటిలో దొంగచాటుగా స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది. తనకి తెలియకుండానే స్టెరాయిడ్ తిన్నవాడు తెలియకుండానే ఆపేస్తాడు కూడా.

ఇంగ్లండులో 2020 నుంచి ఇలాంటి రోగుల చేతికి ఒక చిన్న కార్డు ఇస్తున్నారు. ఇతను స్టెరాయిడ్ మీద ఆధారపడినవాడు, స్పృహ తప్పితే, ఆపరేషన్ చెయ్యాల్సొస్తే హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి అని దాని సారాంశం. మన దగ్గర అలాంటిది ఎవరూ ఇవ్వకపోతే తెల్ల కాగితం మీద తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళుగా వాడుతున్నారో రాసి జేబులో పెట్టండి. మాత్రలు ఈమధ్యే ఆపినవాళ్ళు కూడా ఒక ఏడాది పాటు ఉంచుకోవాలి. పన్ను పీకే డాక్టరుకైనా సరే ముందు అది చూపించండి.