పౌను గింజల లెక్క

బెంగళూరు కె.ఆర్.పురం స్టేషన్‌లో సాయంత్రం బండి కోసం నిలబడేవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. కుప్పం, చిత్తూరు వైపు పోయేవాళ్లకు ఈ లైనే ఆధారం. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు 1864లో వేశారు దీన్ని. పన్నెండేళ్లకు ధాత కరువు వచ్చింది. మద్రాసు రేవులో దిగిన ధాన్యం ఈ పట్టాల మీదే బెంగళూరు చేరింది. గింజలు బండ్లకెత్తి వస్తున్నా జనం రాలిపోయారంటే తప్పు ఒక్క వానదే కాదు. దొరల లెక్కది కూడా.

ఆ లెక్కను డికెన్స్ ముందే పట్టుకున్నాడు. 1854లో తన వారపత్రికలో ధారావాహికగా రాసిన ‘హార్డ్ టైమ్స్’ కోక్‌టౌన్ అనే మిల్లుల ఊరి కథ. జీతం పెంచమన్న ప్రతి కూలీ బంగారు చెంచాతో విందు కోరుతున్నాడనుకుంటాడు మిల్లు యజమాని బౌండర్‌బీ. గ్రాడ్‌గ్రైండ్ అనే పెద్దమనిషి బడిలో సర్కస్‌వాడి కూతురు సిస్సీని నంబరు పెట్టి పిలుస్తారు. పది లక్షల జనమున్న పట్నంలో ఏడాదికి పాతికమందే వీధుల్లో ఆకలితో చచ్చారు, ఈ నిష్పత్తి గురించి ఏమంటావని మేష్టారు అడుగుతాడు. మిగతావాళ్లు ఎన్ని లక్షలున్నా చచ్చినవాళ్ల బాధ తగ్గదు కదా అంటుందా పిల్ల. అది తప్పు జవాబట! నన్నడిగితే నవల మొత్తానికి ఆయువుపట్టు అదే.

గ్రాడ్‌గ్రైండ్ ఒక కొడుక్కి మాల్థస్ అని పేరు పెట్టుకున్నాడు. అసలు మాల్థస్ 1805 నుంచి ఈస్టిండియా కంపెనీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పాడు. ఆయన పోయాక అదే కాలేజీలో చదివి వచ్చినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. 1874 బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. డబ్బు తగలేశాడని అందరూ ఆయన మీద పడ్డారు.

1877లో వైస్రాయి లిట్టన్ మద్రాసుకు పంపేసరికి టెంపుల్ మారిపోయాడు. కరువు పనిలో పొద్దంతా ఒళ్లు హూనం చేసుకునే మగమనిషికి రోజుకు పౌను గింజలు, పైన కాస్త చిల్లర చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. తేరగా తినడానికి వస్తున్నారేమోనన్న బౌండర్‌బీ అనుమానమే ఇక్కడా పనిచేసింది. తిండి ధర తగ్గించడానికి సర్కారు వేలు పెట్టకూడదన్నది లిట్టన్ పట్టు. ఆ లిట్టన్ తండ్రి డికెన్స్‌కు ఆప్తమిత్రుడు. ఆయన చెప్పాడనే ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ముగింపు మార్చాడు డికెన్స్, ఒక కొడుక్కి ఆయన పేరే పెట్టుకున్నాడు. డికెన్స్ 1870లోనే కన్నుమూయడం వల్ల మిత్రుడి కొడుకు ఏలుబడి చూడలేదు.

బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు కుదేలయ్యాయి. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ మాత్రం ఊరుకోలేదు. ఆయనా అంకెలతోనే కొట్లాడాడు: పనిచేసే ఒంటికి పౌనున్నర గింజలు, పప్పు, కూరలు కావాలి. లెక్కలన్నీ కసాయివి కావనడానికి నాకు కార్నిష్ చాలు. ఆయన ఖజానాను కాక మనిషి కడుపును కొలిచాడు. మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగానికి దిగివచ్చి కూలిని పౌనుంపావు చేసి, కొంచెం పప్పు కలిపింది. ధాన్యం మోసుకొచ్చిన ఆ రైలు చేరిన మైసూరు రాజ్యంలో 1871లో 50 లక్షలు దాటిన జనాభా 1881 నాటికి 42 లక్షలు కూడా లేదు.