ఫెలిపో వంశం: కొలువు, కలం, వలసలు

ఫ్రెంచివారి వలస చరిత్ర అనగానే తెలుగు పాఠకునికి డూప్లే, బుస్సీ గుర్తుకు వస్తారు. ఇద్దరూ సముద్రం దాటి వచ్చినవారు. ఫెలిపో వంశపు మంత్రులు రాజాస్థానంలో కూర్చునే అమెరికాలోని వలసలను పాలించారు. ఆ పాలన ఎంతగా కాగితం మీద నడిచిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వీరు యుద్ధవీరుల సంతతి కారు. రాజోద్యోగాల ద్వారా ప్రభుత్వం పొందినవారు. 1610లో పాల్ ఫెలిపో రాజ్య కార్యదర్శి అయినది మొదలు 1775 వరకు వంశంలో ఎవరో ఒకరు ఆ హోదాలో ఉన్నారు. వలసల పాలన నౌకాశాఖకు చెందేది. ఆ శాఖను 1690లో లూయీ (పోంషార్‌ట్రేన్ ప్రభువు), 1699లో ఆయన కుమారుడు జెరోమ్, 1723లో మనుమడు మొరెపా చేపట్టారు. ముగ్గురిలో ఎవరూ అమెరికాను చూడలేదు. వారి పేర్లు మాత్రం అక్కడికి చేరాయి. 1699లో ఇబర్‌విల్ లూసియానాలోని రెండు సరస్సులకు పోంషార్‌ట్రేన్, మొరెపా అని పేర్లు పెట్టాడు. 1701లో కాడిలాక్ డెట్రాయిట్‌లో కట్టిన కోటకూ పోంషార్‌ట్రేన్ పేరే. పై అధికారి ప్రాపు కోరేవారికి ఇంతకన్న చవకైన కానుక లేదు.

కాగితానికి క్రూరమైన ముఖం కూడా ఉంది. మొరెపా నౌకామంత్రిగా ఉండగా, 1724లో, లూసియానాకు నల్లవారి శాసనం జారీ అయింది. అది బానిసలను చరాస్తిగా ప్రకటించింది. భూమధ్యరేఖ వద్దకు, లాప్లాండుకు శాస్త్రవేత్తలను పంపి భూమి ఆకారాన్ని కొలిపించిన మంత్రి హయాంలోనే ఇదీ జరిగింది. ఆయన విద్యాపోషణను మెచ్చుకొనే రచనలు ఈ రెంటినీ పక్కపక్కన ఉంచి చూడవలసి ఉంది.

మొరెపాను పడగొట్టినదీ కలమే. రాజుగారి ప్రేయసి పాంపడూర్ పుట్టింటి పేరుకు ఫ్రెంచిలో ‘చేప’ అని అర్థం. దానిపై శ్లేషలతో ఎగతాళి పద్యాలు పుట్టి, మన చాటువుల వలె నోటినోట తిరిగాయి. వాటి వెనుక మొరెపా ఉన్నాడన్న అనుమానంతో 1749లో రాజు ఆయనను కొలువు నుంచి వెళ్లగొట్టాడు. పాతికేళ్ల తరువాత, 1774లో, పదహారవ లూయీ ఆయనను ముఖ్య సలహాదారుగా పిలిపించుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్సు ప్రవేశించినది ఆ కాలంలోనే.

ఆయన 1781లో మరణించాడు. 1783 పారిస్ సంధి సుపీరియర్ సరస్సులో అమెరికా సరిహద్దును రాయల్, ఫెలిపో దీవులకు ఉత్తరంగా నిర్ణయించింది. ఈ రెండవ దీవి, మొరెపా నౌకాశాఖలో పనిచేసిన బెలాన్ 1744లో గీసిన పటం నుంచి తరువాతి పటాలకు పాకింది. పందొమ్మిదో శతాబ్దపు సర్వేయర్లు వెదికినప్పుడు అక్కడ దీవి లేదు, నీళ్లే ఉన్నాయి.