రాబ్సార్ట్ – రైలు కన్న ఊరు

వాల్టర్ స్కాట్ 1821లో వెలువరించిన ‘కెనిల్వర్త్’ నవలలో ఎమీ రాబ్సార్ట్ అనే నాయిక ఉన్నది. రాణి కొలువులో తన పలుకుబడి కోసం భర్త లోకానికి దాచిపెట్టిన ఇల్లాలామె. కెనడాలోని సస్కాచెవాన్ పచ్చిక మైదానంలో ఒక రైలు ఊరికి ఆమె పేరే పెట్టారు. ఆ సంగతి తెలిసిననాటి నుండి ఆ ఊరు నా మనసును వదలలేదు.

మన ఊళ్లు ఏటినో చెరువునో ఆశ్రయించి పుట్టాయి. అక్కడివి గుర్రపు నడకను కొలతగా చేసుకొని పుట్టాయి. 1872 నాటి చట్టం 10 డాలర్ల రుసుముకు, అక్కడే ఉండి సాగు చేయాలన్న షరతుతో, 160 ఎకరాలు ఇచ్చింది. ఆ సేద్యగాడు గోధుమల బండి తోలుకొని వచ్చి, సరుకు దింపి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి. అందుకే రైలు కంపెనీలు సుమారు 8, 10 మైళ్లకొక స్టేషను కట్టాయి. పక్కనే కొయ్యతో కట్టిన ఎత్తైన ధాన్యపు ఎలివేటరు, దాని నీడన అంగడి, బడి, చర్చి. రాబ్సార్ట్ 1912లో గ్రామ హోదా పొందింది.

1930లలో అనావృష్టి, ధూళి తుపానులు ఆ సీమను కుంగదీశాయి. అయినా ఇటువంటి ఊళ్లను ఖాళీ చేసినది కరవొక్కటే కాదని నా అభిప్రాయం. లారీ వచ్చింది, రోడ్డు బాగుపడింది. రోజంతా పట్టే ప్రయాణం గంటలోకి కుదించుకుపోయింది. ట్రాక్టరుతో కమతాలు పెరిగి, కుటుంబాలు తరిగాయి. 1995లో ధాన్యం రవాణాకు ప్రభుత్వమిచ్చే రాయితీ ఆగిన తరువాత ఎన్నో శాఖా మార్గాలు, చిన్న ఎలివేటర్లు మూతపడ్డాయి. 2002లో రాబ్సార్ట్ గ్రామ హోదా రద్దయింది.

ఏ సౌకర్యాన్ని కోరి మనిషి ఊరు కట్టుకొన్నాడో, అంతకన్న మేలైన సౌకర్యమే ఆ ఊరిని అనవసరం చేసింది. ఇందులో దోషి అంటూ ఎవరూ లేరు. నాకు దుఃఖం కలిగించేది అదే. ఉపేక్షితురాలైన ఆ నాయిక పేరు మాత్రం ఊరికి సార్థకమైంది.