రానీ రానీ... రైట్!

మన వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించుకునే తొట్టి. అమెరికాలో ట్రక్కు అంటే ముందుండి లాగేది. ఒకే మాట, పని మాత్రం తలకిందులు. ఈ దేశానికొచ్చిన కొత్తల్లో మనవాళ్ళందరికీ వచ్చే సందేహమే నాకూ వచ్చింది: వెనక ఒక్క ఇటుకైనా వెయ్యకుండా ఇంత బండిని రోజూ ఆఫీసుకి ఎందుకు తోలుకొస్తారు వీళ్ళు? పైగా అందులో కెమెరాలు, బొత్తాలు, తోలు సీట్లు. రైతు బండికి ఈ షోకులేమిటని వెక్కిరించడం తేలికే. కానీ చరిత్ర కాస్త తిరగేస్తే, షోకు అని నవ్వినవాటిలో కొన్ని మనుషుల చేతులు విరక్కుండా కాపాడాయి, కొన్ని ప్రాణాలే కాపాడాయి. మిగతావి నిజంగానే షోకులు.

చేతులు విరగడం అన్నది మాటవరసకి అన్నది కాదు. మొదట్లో కారు ఇంజను స్టార్టు చెయ్యాలంటే ముందు నిలబడి ఇనప కడ్డీతో తిప్పాలి. ఇంజను ఎదురు తన్నిందా, మణికట్టు విరిగేది. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన కరెంటు స్టార్టరు 1912 కాడిలాక్‌లో వచ్చింది. అంటే సుఖం అన్నది ముందు ఖరీదైన కార్లలోకి, ఆ తర్వాతే పనివాళ్ళ బండ్లలోకి. పికప్ కథంతా ఇదే వరస.

ఫోర్డు కంపెనీ 1925 ఏప్రిల్‌లో మోడల్ టి బండికి వెనక ఇనప తొట్టి బిగించి, ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా అమ్మడం మొదలెట్టింది. ధర 281 డాలర్లు, ఇంజను 20 గుర్రాల బలం. అప్పటిదాకా రైతులు కారు కొనుక్కుని, వెనక భాగం కోసేసి, పెట్టె తామే బిగించుకునేవారు. 1953లో ఎఫ్-100 పికప్‌కి ఆటోమేటిక్ గేర్లు పెట్టించుకునే వీలొచ్చింది. లాగే బండికి చేత్తో వేసే గేర్లే ఉండాలని పట్టుబట్టినవాళ్ళు ఆ తర్వాత కూడా చాలా దశాబ్దాలున్నారు. భారీ పికప్‌లలో అలాంటి గేర్లు చివరిదాకా ఇచ్చిన ర్యామ్ కూడా 2018 మోడలుతో మానేసింది.

సరే, అసలు విషయం లాగడం. 1945లో లెనర్డ్ షోయెన్ అనే ఆయన నేవీ నుంచి బయటికొచ్చి, భార్య ఆనా మేరీతో కలిసి యు-హాల్ మొదలెట్టాడు. ఒక ఊళ్ళో ట్రైలరు అద్దెకు తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలెయ్యొచ్చన్నది ఆలోచన. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే మన కన్సల్టెంట్ల జాతికి ఆయన చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఆ ట్రైలరు తగిలించుకుంటే గంటకి 55 మైళ్ళు దాటొద్దని వాళ్ళే చెబుతారు. ఎందుకో తెలియాలంటే మన ఎద్దుబండి గుర్తుచేసుకోండి. బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది, అంతా ముందు వేస్తే ఎడ్ల మెడలు నలుగుతాయి. ట్రైలరూ అంతే. దాని మొత్తం బరువులో పదో వంతు నుంచి 15 శాతం దాకా హిచ్ మీద పడాలి. అంతకంటే తక్కువైతే వేగం పెరిగేకొద్దీ వెనక బండి కుక్కతోకలా ఊగడం మొదలెడుతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే ఇంకా ప్రమాదం. ముందు బండి ఆగుతుంది, వెనకది తోస్తుంది, రెండూ మడతకత్తిలా ముడుచుకుంటాయి.

దీనికి పాత మందు, ట్రైలరు బ్రేకుని మాత్రం విడిగా చేత్తో వెయ్యడం. అందుకోసం డాష్‌బోర్డు కింద ఒక పెట్టె విడిగా కొని బిగించుకునేవాళ్ళు. వైరింగు సరిగ్గా చేసినవాడి అదృష్టం వాడిది. 2005 సూపర్ డ్యూటీలో ఫోర్డు దాన్ని ఫ్యాక్టరీలోనే బండిలో కలిపేసింది. 2009 ఎఫ్-150కొచ్చేసరికి ఊగడాన్ని సెన్సర్లే పసిగట్టి, ఏ చక్రానికి ఎంత బ్రేకు వెయ్యాలో లెక్కకట్టి, ఇంజను జోరు తగ్గించేస్తాయి. మనిషి భయపడి తప్పు పని చేసేలోపే ఆ పని అయిపోతుంది. నా లెక్కలో పికప్ చరిత్రలో కరెంటు స్టార్టరు తర్వాత చెప్పుకోదగ్గది ఇదే. ప్రకటనల్లో మాత్రం దీనికంటే తోలు సీట్లే ఎక్కువ కనిపిస్తాయి.

వెనక్కి నడపడం ఇంకో తంటా. స్టీరింగు ఎడమకి తిప్పితే ట్రైలరు కుడికి పోతుంది. అది చాలదన్నట్టు, ఒకసారి వంకర మొదలైతే ఆ వంకర దానంతటదే పెరుగుతుంది. ట్రైలరు ఎంత పొట్టిదైతే అంత తొందరగా. అనుభవజ్ఞులు చెప్పే కిటుకు ఒకటుంది: స్టీరింగుని కింది భాగంలో పట్టుకుని, ట్రైలరు ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలి. 2016 ఎఫ్-150లో ఆ కిటుకునే ఒక చిన్న గుండ్రటి మీటగా పెట్టారు. ట్రైలరు ముందు భాగంలో నలుపు తెలుపు గళ్ళ స్టిక్కరు అంటిస్తారు. కెమెరా దాన్ని చూస్తూ రెండు బండ్ల మధ్య కోణం లెక్కేస్తుంది. మీరు మీట ఎటు తిప్పితే ట్రైలరు అటు పోతుంది. స్టీరింగు దానంతటదే తిరుగుతుంది, మన పని బ్రేకూ గ్యాసూ. ప్లస్సూ మైనస్సూ తారుమారైన ఫార్ములాని ప్రోగ్రాములో దాచేసి, వాడేవాడికి తేలికైన బొత్తాం ఒకటి ఇచ్చారన్నమాట. మన వృత్తిలో అందరం చెయ్యాల్సిందీ, చాలామందిమి చెయ్యనిదీ అదే. మన లారీల్లో ఈ పని క్లీనరు చేసేవాడు, బాడీ మీద చరుస్తూ "రానీ రానీ... రైట్!" అని.

కంపెనీల అంకెల పోటీ గురించి చెప్పకపోతే కథ సగమే. మా బండి ఇన్ని వేల పౌండ్లు లాగుతుందని ఎవరి కొలతలో వాళ్ళు చాలా ఏళ్ళు చాటుకున్నారు. చివరికి ఎస్‌ఏఈ ఇంజనీర్లు జె2807 అని అందరికీ ఒకటే పరీక్ష రాశారు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎడారి కొండ, 11 మైళ్ళకి పైగా ఎక్కుడు. ఏసీ పూర్తిగా పెట్టుకుని, బరువు లాగుతూ, మామూలు పికప్ అయితే గంటకి 40 మైళ్ళకి తగ్గకుండా ఎక్కాలి. 2011 టండ్రాతో టయోటా ముందుగా దానికి ఒప్పుకుంది, వాళ్ళ అంకెలు వందల పౌండ్లు పడిపోయాయి. మిగతావాళ్ళు తీరిగ్గా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వచ్చారు.

ఇక షోకులు. బండి ఏటేటా ఎత్తు పెరిగి తొట్టిలోకి ఎక్కడం కష్టమైతే, 2008 సూపర్ డ్యూటీ వెనక తలుపులో ఫోర్డు మెట్టు పెట్టింది. మగాడికి మెట్టెందుకని షెవ్రలే టీవీలో ఎగతాళి చేసింది. 2019లో జీఎంసీ, ఆ తర్వాత షెవ్రలే కూడా రకరకాలుగా మడిచే వెనక తలుపులు తెచ్చాయి. అందులో మెట్టూ ఉంది! బండినే కాస్త కిందికి దించొచ్చు కదా అని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ ఎత్తు నవ్వుకునే విషయం కాదు. బానెట్ 40 అంగుళాలు దాటిన బండ్లు, తక్కువ ఎత్తూ ఏటవాలు ముక్కూ ఉన్నవాటికంటే, పాదచారులని గుద్దినప్పుడు చంపే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని ఐఐహెచ్ఎస్ 2023లో తేల్చింది. వెనకవైపు సంగతి ముందే తెలుసు. కామెరన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ళ పిల్లవాడు 2002లో వాళ్ళ నాన్న వెనక్కి తీస్తున్న బండి కింద పడి చనిపోయాడు. వాడి పేరుతో 2008లో చట్టమైంది. మూడేళ్ళలో రావాల్సిన నిబంధన వాయిదాలు పడుతూ 2014లో వచ్చింది. కొత్త బండ్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరైంది 2018 మేలో. ఇంజనీరింగుకి అక్కర్లేని పదేళ్ళు కాగితానికి కావలసొచ్చాయి.

ఇదంతా చదివి పికప్ కొనమంటున్నానని అనుకోకండి. ఏడాదికోసారి సోఫా మొయ్యడానికి అద్దె బండి చాలు. కానీ 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. డాలస్, ఆస్టిన్‌లలో చుట్టమో స్నేహితుడో లేని తెలుగువాడుండడు కాబట్టి ఆ వారం ఎలా గడిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడాది హైబ్రిడ్ ఎఫ్-150కి పనిముట్లు నడుపుకోడానికని 7.2 కిలోవాట్ల దాకా కరెంటిచ్చే ప్లగ్గులు పెట్టారు. డీలర్ల దగ్గరున్న 400 దాకా అలాంటి బండ్లని జనానికి అరువివ్వమని ఫోర్డు కోరింది. ఫ్రిజ్జు, హీటరు ఫ్యాను, నాలుగు దీపాలు, ఫోను ఛార్జరు. బండి కదలకుండానే నడిచాయి.