కాటుకకు రంగిచ్చిన గట్టు మొక్క

వత్సవాయి మెట్ట ప్రాంతం. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్లలాగే ఇక్కడా ఒకప్పుడు తడి నేల అంటే చెరువు తూముల కింది మళ్లు, మునేటి ఒడ్డు. పోలంపల్లి ఆనకట్ట కొంత మాగాణిని చేర్చింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ ఈ మెట్టనూ తడిపింది. కాలువ గట్లూ, ఊట నిలిచే గుంటలూ పెరిగితే గుంటగలగరకు ఇంకేం కావాలి?

జానెడు మొక్క, గరుకు ఆకు, చొక్కా గుండీ కన్నా చిన్న తెల్లపువ్వు. లిన్నేయస్ 1753లో దీన్ని తన గ్రంథంలో చేర్చేనాటికే ఆయుర్వేదానికి ఇది పాత చుట్టం, భృంగరాజం. వైద్యుల మాట అటుంచితే, తెలుగిళ్లలో దీని అసలు చరిత్ర కాటుకలో ఉంది.

పురుడు దగ్గరపడుతోందంటే ఇంట్లో పెద్దావిడ ఈ ఆకు తెప్పించేది. రోట్లో దంచి, పసరు పిండి, అందులో ఉతికిన నూలుగుడ్డ ముంచి నీడన ఆరబెట్టేది. ఆరాక మళ్లీ ముంచడం, మళ్లీ ఆరబెట్టడం. గుడ్డ నల్లగా బిరుసెక్కాక వత్తి చేసి, ఆముదం ప్రమిదలో వెలిగించి, రెండు పక్కలా ఇటుకలు పేర్చి పైన ఇత్తడి పళ్లెం బోర్లించేది. తెల్లారేసరికి పళ్లేనికి మసి పట్టేది. దాన్ని గీకి, చుక్క ఆముదంతోనో వెన్నతోనో రంగరించి భరిణెకెత్తితే బిడ్డ కంటికీ, బుగ్గన దిష్టిచుక్కకీ అదే కాటుక. ఆముదం మెట్ట పంట, ఆకు తడి నేలది. రెండూ ఒక్క ప్రమిదలో కలిసేవి.

పచ్చబొట్టుకూ ఈ పసరే. సూదులతో పొడిచిన చోట ఆకు రుద్దితే చెరగని నీలినలుపు వస్తుందని 19వ శతాబ్దంలో మన దేశపు మొక్కల మీద వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలు రాసుకున్నాయి. ఆ పుస్తకాలు రాసిన దొరలకన్నా ముందే పచ్చబొట్లు పొడిచే ఎరుకల ఆడవాళ్లకు ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు కాటుక డబ్బాలో వస్తోంది. పసిపిల్లల కంట్లో ఏ కాటుకా పెట్టొద్దని డాక్టర్లు అంటున్నారు, ఆ మాట వినాల్సిందే. వరి రైతుకు గుంటగలగర కలుపు. కలుపు మందు కొట్టి చంపుతాడు. అదే ఆకు తలనూనె సీసా మీద బొమ్మై బజారులో అమ్ముడుపోతుంది!

పెంచడానికి పెద్ద తంటా లేదు. విత్తనం నూగంత. వెలుతురు తగిలితేనే మొలుస్తుంది కాబట్టి మట్టి కప్పకుండా తడి నేల మీద చల్లి వదలాలి. లేదా కణుపులున్న కాడ తెచ్చి కుండీలో గుచ్చితే, తడి ఆరనంత కాలం కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. సరైన మొక్కేనా అని అనుమానమొస్తే ఆకు అరచేతిలో నలిపి కాసేపు ఆగండి, పసరు నల్లబడుతుంది. తలనూనెకైతే కుండీలోదే వాడుకోండి, మందు కొట్టిన గట్టు మీద ఆకు మాత్రం కోయకండి.