రూన్‌స్కేప్

రూన్‌స్కేప్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరానికి చెందిన జాగెక్స్ సంస్థ నడుపుతున్న ఆన్‌లైన్ పాత్రధారణ ఆట. ఇది 2001 జనవరి 4న విడుదలైనది. వేలాది ఆటగాళ్ళు గీలినోర్ అనే కల్పిత లోకంలో ఒకేసారి సంచరిస్తూ, తాము సృష్టించుకున్న పాత్రల ద్వారా కట్టెలు కొట్టడం, చేపలు పట్టడం, వంట, కమ్మరం, సేద్యం, యుద్ధం మొదలైన నైపుణ్యాలను పెంపొందించుకుంటారు. ఈ కోవకు చెందిన ఆటలు చాలావరకు ఎక్కువ సమయం వెచ్చించగలవారినే దృష్టిలో ఉంచుకొని తయారైనవి. రోజుకు అరగంటో, వారానికి ఒక పూటో మాత్రమే ఆడగలిగే తీరిక వేళల ఆటగాళ్ళకు కూడా ఇమిడిపోవడం రూన్‌స్కేప్ ప్రత్యేకత.

చరిత్ర

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ విద్యార్థి ఆండ్రూ గోవర్ తన సోదరుడు పాల్ గోవర్‌తో కలిసి ఈ ఆటను రూపొందించాడు. తొలినాళ్ళలో ఇది నాటింగ్‌హామ్‌లోని వారి తల్లిదండ్రుల ఇంటి నుండే నడిచింది. 2002లో నెలసరి చందా ప్రవేశపెట్టారు, అయితే ఆటలో కొంత భాగాన్ని ఉచితంగానే ఉంచారు. 2004 మార్చి 29న పూర్తిగా తిరగరాసిన రెండవ రూపం వెలువడినది. తరువాతి మార్పులు నచ్చని పాత ఆటగాళ్ళ కోరిక మేరకు, 2007 ఆగస్టు నాటి ప్రతిని ఆధారం చేసుకొని 2013 ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో వేరొక ఆటను ప్రారంభించారు. 2001 నాటి మొట్టమొదటి రూపం 2018 ఆగస్టు 6న మూతబడినది.

తీరిక వేళల ఆటగాడి ఇబ్బంది

1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్, 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటి ఆటలలో పెద్ద ఘట్టాలన్నీ గుంపుతో ఆడవలసినవి. వార్‌క్రాఫ్ట్ తొలినాళ్ళలో ఒక్కొక్క దాడికి 40 మంది ఒకే వేళకు చేరి కొన్ని గంటలు ఆడవలసి వచ్చేది. ఒకరు మధ్యలో లేచిపోతే మిగిలిన 39 మందికీ ఇబ్బందే. పైగా ఆడినా ఆడకపోయినా ఆ నెల చందా ఖర్చయిపోతుంది.

ఏడాదిలో కొన్ని నెలలు ఊపిరి సలపని పని ఉండే కుటుంబాలకు ఈ పద్ధతి సరిపడదు. ఉదాహరణకు నూజివీడు ప్రాంతంలో (2022 వరకు కృష్ణా జిల్లా, ఆ తరువాత ఏలూరు జిల్లా) మామిడి తోటలు గల ఇంట్లో పిల్లవాడికి వేసవి సెలవులంటే తీరిక అని చెప్పలేము. డిసెంబరు, జనవరి నెలలలో పూత కాపాడుకోవడం ఒక ఎత్తైతే, ఏప్రిల్ నుండి జూన్ వరకు సాగే కోతలు మరొక ఎత్తు. అటువంటివాడు మూడు నెలల తరువాత తిరిగివస్తే ఆట తనను గుర్తుపట్టాలి, వెనుకబడ్డాడని శిక్షించకూడదు.

రూన్‌స్కేప్‌లో ఒకసారి సాధించిన స్థాయి, ఎన్నాళ్ళు ఆడకపోయినా తగ్గదు. వస్తువులు ఆటలోని బ్యాంకులో భద్రంగా ఉంటాయి. చందా కట్టలేనివారు ఉచిత భాగంలో కొనసాగవచ్చు. వైద్యుడు, యోధుడు, మాంత్రికుడు అంటూ మొదటిరోజే ఒక వర్గాన్ని ఎంచుకోవలసిన పని లేదు. ఒకే పాత్ర అన్ని విద్యలూ నేర్వవచ్చు గనుక, తెలియక చేసిన ఎంపికకు మళ్ళీ మొదటినుండి ఆడవలసిన అవసరం రాదు. చేపలు పట్టడం, గని తవ్వడం వంటి పనులను పది నిమిషాలు చేసి ఆపివేసినా ఆ పది నిమిషాల ఫలితం దక్కుతుంది.

క్వెస్టులనబడే కథాఘట్టాలు కూడా ఎక్కువగా ఒంటరిగా ముగించదగినవే. కొత్తవారికి ఎదురయ్యే తొలి ఘట్టాలలో ఒకటైన "కుక్స్ అసిస్టెంట్"లో కోట వంటవాడికి ఒక గుడ్డు, బకెట్టు పాలు, కుండెడు పిండి తెచ్చి ఇవ్వాలి. ఆవును వెదకి పాలు పిండుకోవడం, మరలో గోధుమలు ఆడించుకోవడంలోనే ఆట నడక అంతా పట్టుబడుతుంది.

మరొక కారణం యంత్రానికి సంబంధించినది. తొలి దశాబ్దంలో రూన్‌స్కేప్ జావా సహాయంతో బ్రౌజరులోనే నడిచేది. 2004 నాటి భారత ప్రభుత్వ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్నే బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించిన రోజులవి. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదీ దించుకోనవసరం లేని ఆట, గంటకు ఇంతని చెల్లించే నెట్ సెంటరు కంప్యూటరుకు కూడా తగినదే. 2015లో క్రోమ్ బ్రౌజరు జావా ప్లగిన్లను నిలిపివేసినది, అప్పటి నుండి ఈ సౌకర్యం క్రమంగా కనుమరుగైనది. ఇప్పుడు ఆటను ప్రత్యేకంగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

సేద్యం

2005 జులై 11న చేర్చిన సేద్యం అనే నైపుణ్యం తీరిక వేళల ఆటగాళ్ళ కోసమే పుట్టినదా అనిపిస్తుంది. ఇది చందాదారులకు మాత్రమే లభిస్తుంది. విత్తనం నాటి, ఎరువు వేసి ఆట మూసివేసినా మొక్క తన మానాన తాను పెరుగుతూనే ఉంటుంది. ఓల్డ్ స్కూల్ రూపంలో మూలికలకు 80 నిమిషాలు, పండ్లచెట్లకు 16 గంటలు పడుతుంది. సాయంత్రం నాటినవాడు మరునాడు బడి నుండి వచ్చి చూసుకోవచ్చు.

తెగులు సోకి మొక్క చనిపోయే ప్రమాదం ఉన్నది. ఎరువు వేస్తే అది తగ్గుతుంది. పూర్తి రక్షణ కావాలంటే మడి దగ్గరి తోటమాలికి కూలి ఇచ్చి కాపలా పెట్టుకోవాలి. ఈ కూలి డబ్బు రూపంలో ఉండదు. అరటిచెట్టుకైతే 4 బుట్టల ఆపిల్ పండ్లు, ఆపిల్ చెట్టుకైతే 9 మొక్కజొన్న కంకులు ఇవ్వాలి. ఆపిల్, అరటి, నారింజ, కరివేప, అనాస, బొప్పాయి మొదట వచ్చిన చెట్లలోనివి. మామిడికి మాత్రం ఆ జాబితాలో చోటు దక్కలేదు. కరివేపాకులు మూడు వేస్తే మాంసపు పులుసు "కర్రీ" అయిపోతుందన్న ఆటలోని సూత్రం తెలుగు వంటిళ్ళలో చెల్లదు!

నిజమైన తోటకూ దీనికీ గల ముఖ్యమైన తేడా కోతలో ఉన్నది. చిన్న రసాలు, పెద్ద రసాలు పక్వానికి వచ్చాక రైతు కోసం ఆగవు. ఒక్క ఈదురుగాలికి కాయంతా నేలపాలు కావచ్చు. రూన్‌స్కేప్‌లో కాపుకు వచ్చిన చెట్టు ఎన్ని నెలలైనా పండ్లతోనే ఎదురుచూస్తుంది.

పరిమితులు

తక్కువ సమయంలో ఆడవచ్చును గాని తక్కువ సమయంలో శిఖరాన్ని అందుకోవడం సాధ్యం కాదు. ఒక నైపుణ్యంలో 50వ స్థాయికి 1,01,333 అనుభవాంకాలు చాలు. 99వ స్థాయికి 1,30,34,431 కావాలి. ఇందులో దాదాపు సగం దారి 92వ స్థాయి వద్ద వస్తుంది, అనగా చివరి ఏడు స్థాయిలు మొదటి 91 స్థాయిలతో దాదాపు సమానం. ఒకే చెట్టును గంటల తరబడి నరకడం విసుగు పుట్టించేదే. పరీక్షలున్న విద్యార్థికి "ఇంకొక్క స్థాయి" అన్న ఆశ ప్రమాదకరమైనది కూడా.

ఈ శ్రమను తప్పించుకొనేందుకు ఆటలోని బంగారాన్ని అసలు డబ్బుతో కొనడం మొదలైనది. ఇది నియమాలకు విరుద్ధం, ఖాతా రద్దు కావచ్చు. దీనిని అరికట్టేందుకు జాగెక్స్ 2007 డిసెంబరు, 2008 జనవరి నెలలలో ఆటగాళ్ళ మధ్య స్వేచ్ఛా వ్యాపారాన్ని, వైల్డర్‌నెస్ ప్రాంతపు పోరాటాలను ఆపివేసినది. ఆటగాళ్ళ ఓటింగు తరువాత 2011 ఫిబ్రవరి 1న వాటిని పునరుద్ధరించినది. 2013లో వచ్చిన బాండ్లను సంస్థ వద్ద డబ్బుతో కొని ఆటలో అమ్ముకోవచ్చు, లేదా ఆటలోని బంగారంతో కొని చందాగా మార్చుకోవచ్చు. రెండవ మార్గానికి కావలసినంత బంగారం కూడబెట్టడానికి మళ్ళీ గంటలే కావాలి గనుక, తీరిక తక్కువైనవారికి ఇది పెద్దగా ఉపయోగపడదు.

మొబైల్ ఫోనులలో

ఓల్డ్ స్కూల్ రూపం 2018 అక్టోబరు 30న, ప్రధాన రూపం 2021లో ఫోనులకు వచ్చినవి. ఖాతా ఒక్కటే కావడం వలన కంప్యూటరులో నాటిన విత్తనం మొలిచినదీ లేనిదీ ఫోనులో చూసుకోవచ్చు.